దించిన పాత కారు ఎత్తును తక్కువ ఖర్చులో సరిచేసుకోవడం ఎలా

కారును కిందికి దించడం తేలికే. ఆ తర్వాతే తంటా. ఒక మూల వాలుతుంది, స్పీడ్ బ్రేకర్ మీద ఆయిల్ చాంబర్ గీసుకుంటుంది, చిన్న గతుకుకే నడుము అదిరిపోతుంది. అప్పుడు కావలసింది సాధారణంగా 10 నుంచి 25 మి.మీ. మార్పు మాత్రమే. ఇంత మార్పు కోసం కొత్త కాయిలోవర్ (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాక్ జత) సెట్టు కొననక్కర్లేదు. సరైన మందం ఉన్న రబ్బరు ప్యాడ్, లేత్ మీద తీయించిన స్పేసరు (సందులో పెట్టే దిమ్మ), కొన్ని కార్లలోనైతే ఉన్న బోల్టును రెండు చుట్లు తిప్పడం సరిపోతుంది.

ఏది ఎక్కడ పెట్టాలో నిర్ణయించే ముందు ఒక సంగతి పట్టుకోవాలి. చక్రం పైకీ కిందికీ కదిలే మొత్తం దూరానికి ఒక హద్దు ఉంటుంది. 160 మి.మీ. అనుకుందాం. కారు నిలబడ్డ ఎత్తు ఆ దూరంలో ఒక బిందువు. దానికి పైన మిగిలింది గతుకులను మింగడానికి, కింద మిగిలింది చక్రం గుంతలోకి దిగి రోడ్డును పట్టుకోవడానికి. దించిన కారు ఇబ్బందుల్లో ఎక్కువ భాగం పైన మిగలాల్సింది అయిపోవడం వల్ల వచ్చేవే. కాబట్టి మడ్‌గార్డ్ అంచుకూ టైరుకూ మధ్య సందు చూసి ఎత్తు నిర్ణయించడం తప్పు దారి. పైకి ఎంత మిగిలిందో ముందు కొలవాలి.

కొలత

నేల నుంచి మడ్‌గార్డ్ అంచు వరకు కొలిస్తే టైరు అరుగుదల, గాలి పీడనం అన్నీ ఆ అంకెలో కలిసిపోతాయి. చక్రం మధ్య బిందువు నుంచి నిటారుగా పైకి, అంచు దాకా కొలవండి. నాలుగు టైర్లలో కారుకు చెప్పిన గాలి ఉండాలి. డిక్కీ ఖాళీ చేయండి. ట్యాంకులో పెట్రోలు ఎంత ఉందో రాసుకుని ప్రతిసారీ అంతే ఉండేలా చూడండి. ఒక్కరే నడిపే కారైతే డ్రైవరు సీట్లో అంత బరువు పెట్టండి.

నేల మట్టంగా ఉందో లేదో చూడటానికి తాపీ పనివాళ్లు వాడే నీళ్ల గొట్టమే చాలు. పారదర్శకమైన గొట్టంలో నీళ్లు నింపి, బుడగలు లేకుండా చూసి, నాలుగు చక్రాల చోట్లా నీటిమట్టం పోల్చండి. 3 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉన్న చోట సన్నని రేకులు పేర్చి సరిచేయండి.

జాకీ దించగానే కొలిచిన అంకెను నమ్మకండి. చక్రాలు గాలిలో ఉన్నప్పుడు దగ్గరకు జరుగుతాయి, నేల మీదికి వచ్చాక టైరు పట్టు వల్ల మళ్లీ వెడల్పు కాలేవు. దాంతో కారు పైనే నిలబడిపోతుంది. నాలుగైదు మీటర్లు ముందుకూ వెనక్కూ దొర్లించి, ప్రతి మూలనూ రెండు మూడు సార్లు అదిమి వదిలి, అప్పుడు కొలవండి. పని అయ్యాక "పది పెట్టాను, ముప్పై లేచింది" అని కంగారుపడేవాళ్లలో చాలామంది వదిలేసేది ఈ అడుగే.

ఒక మూల వాలితే

ముందు కుడి మూల కిందికి ఉంటే ఆ మూల స్ప్రింగునే అనుమానిస్తాం. కానీ వెనుక ఎడమ స్ప్రింగు పొడవుగా ఉన్నా ముందు కుడి మూల అణుగుతుంది. నాలుగు కాళ్ల బల్లలో ఒక కాలు పెరిగినట్టే. తప్పు ముందుందో వెనకుందో తేల్చడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ముందు చక్రాల యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగకుండా రెండు వైపులనూ కలిపే కడ్డీ) లింకు ఒక వైపు విప్పేయండి. వెనుక భాగాన్ని సరిగ్గా మధ్యలో ఒకే జాకీతో, టైర్లు నేలను వదిలేంత వరకే లేపండి. వెనుక చక్రాలు రెంటినీ ఒకే హౌసింగ్ (ఇరుసు గొట్టం) కలిపే కార్లలో డిఫరెన్షియల్ (దాని మధ్యలో ఉండే గేర్ల గుండు) కింద, మిగతావాటిలో క్రాస్‌మెంబర్ (అడ్డ దూలం) మధ్యలో గట్టి చోటు చూడండి. రెండు వైపులా ఒక వేలు సందు వదిలి స్టాండ్లు ఉంచండి, కారు కిందికి వెళ్లకండి. ఇప్పుడు కారు వెనుక ఒకే బిందువు మీద ఉంది, కాబట్టి ముందు భాగాన్ని అది ఒక పక్కకు వాల్చలేదు. ముందు రెండు వైపులా కొలత సమానమైతే తప్పు వెనుక స్ప్రింగులది. ఇంకా వాలే ఉంటే ముందు స్ప్రింగులది.

స్పేసరు గురించి ఆలోచించే ముందు మరో మూడు చూడండి: విరిగిన స్ప్రింగు కొస (పాత కార్లలో కింది చుట్టు తుప్పు పట్టి విరిగి సీటులోనే ఉండిపోతుంది, పైకి కనబడదు), ఒక వైపు నలిగిపోయిన ప్యాడ్, మెలిపడిన రబ్బరు బుష్ (చక్రాన్ని పట్టే ఆర్మ్‌ల కీళ్లలో ఉండే రబ్బరు తొడుగు). మూడోదానికి ఖర్చే లేదు. లోపలి, బయటి గొట్టాలకు రబ్బరు అతికి ఉన్న బుష్‌లు చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కారు నేల మీదికి దిగాక ఆ రబ్బరే మెలిపడి ఇంకో స్ప్రింగులా కారును పైకి నెడుతుంది. కొన్నాళ్లకు చిరుగుతుంది, ఆ వైపు కూలుతుంది. ఆర్మ్‌ల బోల్టులన్నీ వదులు చేసి, చక్రాల మీద కారును నిలబెట్టి, రెండు సార్లు అదిమి, ఆ ఎత్తులోనే బిగించి మళ్లీ కొలవండి. చాలా సార్లు వాలు ఇక్కడే తగ్గిపోతుంది.

పైకి ఎంత మిగిలింది

షాక్ అబ్జార్బర్ డస్ట్ కవరు పైకి జరిపి, రాడ్‌కు ఒక సన్నని జిప్ టై కట్టి, షాక్ ఒంటి (కింది గొట్టం) మీదికి ఆనేలా కిందికి తోయండి. రోజూ నడిపే రోడ్డు మీద నడిపి వచ్చి చూడండి. టై బంప్ స్టాప్ (షాక్ చివరి దాకా అణగకుండా ఆపే రబ్బరు ముక్క) దాకా వెళ్లిందంటే కారు స్ప్రింగు మీద కాదు, రబ్బరు మీద నడుస్తోంది. నిలబడి ఉన్నప్పుడు షాక్ ఒంటికీ బంప్ స్టాప్‌కూ మధ్య సందు 25 మి.మీ. కంటే తక్కువ ఉంటే రోజువారీ కారుగా అది పనికిరాదు. 40 నుంచి 50 ఉంటే ఊపిరాడుతుంది. మొత్తం కదలికలో పైకి కనీసం సగం, వీలైతే మూడింట రెండొంతులు మిగిలేలా చూసుకోండి.

బంప్ స్టాప్ పూర్తిగా తీసేయడం పనికిమాలిన తెలివి. అది లేకపోతే షాక్ లోపలి పిస్టన్ అడుగుకు కొట్టుకుని వాల్వు పగులుతుంది. మెట్లు మెట్లుగా ఉన్న స్టాప్‌ను గాడి దగ్గర కోయవచ్చు, అదీ పొడవులో మూడో వంతు దాకా, మహా అయితే సగం.

స్ప్రింగు విప్పే పని ఎలాగూ ఉంటే, స్ప్రింగు లేకుండా షాక్, బంప్ స్టాప్ మాత్రమే బిగించి, ఆర్మ్ కింద జాకీ పెట్టి చక్రాన్ని మెల్లగా పైకి లేపండి. టైరు లోపలి అంచుకు తగులుతుందా, బ్రేక్ గొట్టం లాగుతుందా, యాంటీ రోల్ బార్ డ్రైవ్ షాఫ్ట్‌ను తాకుతుందా అన్నీ కళ్ల ముందే కనబడతాయి. స్టీరింగును రెండు వైపులా తిప్పి కూడా చూడండి.

కాయిల్ స్ప్రింగు ఉన్న కార్లు

స్పేసరు పెట్టడానికి రెండు చోట్లున్నాయి. రెండూ కారును లేపుతాయి, కానీ చేసే పని వేరు. స్ప్రింగు సీటులో, అంటే స్ప్రింగుకూ దాని పళ్లానికీ మధ్య పెడితే షాక్ రాడ్ మరికొంత బయటికి వచ్చి నిలుస్తుంది. పైకి వెళ్లే దూరం పెరుగుతుంది, కిందికి దిగేది అంతే తగ్గుతుంది. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ కలిసిన ముక్క) పై మౌంటుకూ బాడీకీ మధ్య పెడితే స్ట్రట్ మొత్తం కిందికి జరుగుతుంది, షాక్ లోపలి సందు ఏమాత్రం మారదు. బంప్ స్టాప్ మీద కూర్చున్న కారుకు రెండోది పెడితే కారు లేచినట్టు కనబడుతుంది, కుదుపు మాత్రం అలాగే ఉంటుంది. పైగా చక్రం వేలాడినప్పుడు సీవీ జాయింట్ (చక్రాన్ని తిప్పే షాఫ్ట్ కీలు) వంపు పెరుగుతుంది. దించిన కారుకు కావలసింది సీటు స్పేసరే.

ఎంత మందం? మెక్‌ఫెర్సన్ స్ట్రట్‌లో (చక్రాన్ని పైన స్ట్రట్, కింద ఒకే ఆర్మ్ పట్టే రకం) దాదాపు ఒకటికి ఒకటి: 10 మి.మీ. పెడితే 10 లేస్తుంది. రెండు ఆర్మ్‌ల సస్పెన్షన్‌లో స్ప్రింగు కింది ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది కాబట్టి లెక్క వేరు. ఆర్మ్ లోపలి బోల్టు నుంచి స్ప్రింగు మధ్యకు దూరం, అదే బోల్టు నుంచి బాల్ జాయింట్‌కు (ఆర్మ్ బయటి కొస కీలు) దూరం కొలవండి. 180, 340 వచ్చాయనుకోండి. 180ని 340తో భాగిస్తే 0.53. చక్రం దగ్గర 20 మి.మీ. కావాలంటే స్పేసరు 20 ఇంటూ 0.53, అంటే సుమారు 10.5 మి.మీ. ఈ లెక్క వేయకుండా 20 మి.మీ. ముక్క పెట్టేస్తే కారు 38 లేస్తుంది.

స్పేసరును అల్యూమినియం, నైలాన్ లేదా గట్టి పాలీయురేథేన్‌తో చేయించండి. చుట్టూ చిన్న గోడ ఉండాలి, స్ప్రింగు పక్కకు జారకూడదు. స్ప్రింగు చదునైన కొస ఏ వైపు ఉందో ఆ వైపే పెట్టండి. మెట్టు ఉన్న సీటు మీద చదును ముక్క పెడితే స్ప్రింగు వంకరగా కూర్చుని షాక్‌ను పక్కకు నెడుతుంది. చెక్క, కోసిన టైరు ముక్కలు వద్దు. చుట్ల మధ్య దూర్చే రబ్బరు ముక్కలు కూడా వద్దు. అవి ఒక చుట్టును పని చేయకుండా ఆపి, మిగతా చుట్ల మీద భారం వేస్తాయి.

లేత్ దాకా వెళ్లేముందు మీ కారుకు కంపెనీయే వేర్వేరు మందాల్లో ప్యాడ్లు చేసిందేమో చూడండి. మెర్సిడెస్ డబ్ల్యూ 124 ముందు ప్యాడ్ల మీద బుడిపెలు ఉంటాయి: ఒకటి ఉంటే 8 మి.మీ., రెండుకు 13, మూడుకు 18, నాలుగుకు 23. ఇలాంటివి ఉన్న కార్లలో రెండు వైపులా వేర్వేరు ప్యాడ్లు వేసి వాలు సరిచేయడం కంపెనీ పద్ధతే. అదే మోడల్‌లో డీజిల్ ఇంజనుకో, వ్యాన్ రకానికో వచ్చిన పాత స్ప్రింగులు కూడా చౌక దారి, సీటు వ్యాసం కలిస్తే చాలు.

షాక్ మీద మర స్లీవు (స్ప్రింగు సీటు రింగును పైకీ కిందికీ తిప్పగల మర గొట్టం) ఉన్నవాళ్లకు పని మరీ సులువు. మర పిచ్ 1.5 లేదా 2 మి.మీ. ఉంటుంది, ఒక చుట్టుకు అంతే మార్పు. తిప్పే ముందు మరల్లోని మట్టిని వైరు బ్రష్‌తో తీసి, చక్రాన్ని గాలిలోకి లేపండి. బరువు మీద తిప్పితే మర చెడుతుంది. రింగు పైకి తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందన్నది అపోహ. మామూలు స్ప్రింగు మీద పడే బరువు మారలేదు కాబట్టి అది అంతే నొక్కుకుంటుంది, కారు లేస్తుంది అంతే.

ఇంకా కొంచెం దించాలనుకుని స్ప్రింగు కోయాలనుకుంటే లెక్క ఇలా వేయండి. కారు నిలబడి ఉండగా పక్కపక్క రెండు చుట్ల మధ్య దూరం, తీగ మధ్య నుంచి తీగ మధ్యకు, కొలవండి. ఒక చుట్టు కోస్తే స్ప్రింగు దగ్గర సరిగ్గా అంతే దిగుతుంది. ఆ దూరం 28 మి.మీ. అయితే అర చుట్టుకు 14. ఎనిమిది పనిచేసే చుట్లలో అర తీస్తే స్ప్రింగు సుమారు 7 శాతం గట్టిపడుతుంది కూడా. కటింగ్ వీల్‌తోనే, పావు చుట్టు చొప్పున కోయండి. గ్యాస్ మంట తగిలితే ఉక్కు పదును పోయి ఆ చోట కూలుతుంది. కొస సన్నగా ముడుచుకున్న స్ప్రింగును ఆ వైపు కోయకూడదు. కోశాక చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు చేత్తో కదిలితే ప్రమాదం, గుంతలో సీటు నుంచి బయటికి దూకుతుంది. ఇప్పటికే ఎక్కువ కోసేసిన స్ప్రింగుకు సీటు స్పేసరు వేస్తే ఎత్తూ వస్తుంది, వదులూ పోతుంది.

స్ట్రట్ విప్పేటప్పుడు స్ప్రింగు కంప్రెసర్ కొక్కేలు రెండూ సరిగ్గా ఎదురెదురుగా ఉండాలి, వాటిని చేతి పానాతో, ఒక్కో వైపు కొన్ని చుట్ల చొప్పున బిగించాలి. ఎయిర్ గన్ వాడకండి. సీటులో స్ప్రింగు వదులైందని చేత్తో తిప్పి చూసుకున్నాకే పై నట్టు విప్పండి. ముఖం ఎప్పుడూ స్ట్రట్ కొసకు ఎదురుగా పెట్టకండి.

టార్షన్ బార్

టార్షన్ బార్ అంటే మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీ. 1957 నుంచి కొన్ని దశాబ్దాల పాటు వచ్చిన చాలా క్రైస్లర్ కార్ల ముందు భాగం, ఎన్నో పాత పికప్‌లు ఈ రకమే. ఎత్తు మార్చే బోల్టు ముందే ఉంటుంది, ఖర్చు సున్నా. బోల్టుకు రంగు గుర్తు పెట్టి, చక్రం గాలిలో ఉంచి, అర చుట్టు చొప్పున తిప్పండి. దించి, దొర్లించి, కొలవండి. ఒక వైపు తిప్పితే రెండో వైపు కూడా కొంచెం కదులుతుంది కాబట్టి రెండు మూడు సార్లు అటూఇటూ తిరగాలి. తుప్పు పట్టిన బోల్టుకు ముందు రోజే నూనె పెట్టండి.

బోల్టు లేని రకంలో పళ్లు మార్చాలి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ వెనుక బారుకు లోపలి కొసన 40 పళ్లు, బయటి కొసన 44 ఉంటాయి. లోపల ఒక పన్ను 9 డిగ్రీలు, బయట ఒక పన్ను సుమారు 8.2 డిగ్రీలు. లోపల ఒకటి ఒక దిక్కుకు, బయట ఒకటి ఎదురు దిక్కుకు జరిపితే నికరంగా 0.8 డిగ్రీ మార్పు. బారు నుంచి చక్రానికి వెళ్లే చేయి 400 మి.మీ. పొడవుంటే అది చక్రం దగ్గర దాదాపు 6 మి.మీ. విప్పే ముందు చేయి కోణం కొలిచి రాసుకోండి, లేకపోతే ఎక్కడ మొదలుపెట్టారో తెలియదు. కుడి బారు ఎడమకు, ఎడమది కుడికి వేయకూడదు, అవి ఒకే దిక్కు మెలికకు తయారైనవి. బారు మీద గీత పడినా అక్కడే విరుగుతుంది, పట్టుకారుతో పట్టకండి.

కమాన్ కట్టలు

వెనుక హౌసింగుకూ కమానుకూ మధ్య దించే బ్లాకు ఉంటే పని తేలిక: 50 మి.మీ. బ్లాకు తీసి 25 వేస్తే కారు 25 లేస్తుంది. ఒకదాని మీద ఒకటి బ్లాకులు పేర్చకూడదు. మధ్య పిన్ను గుంటలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. పొడవు మారితే యూ బోల్టులు కొత్తవే వేయండి, ఒకసారి సాగిన పాతవి మళ్లీ పట్టు నిలుపుకోవు. కొక్కెం పట్టీ (కమాను కొసను బాడీకి కలిపే పట్టీ) మార్చి ఎత్తు సరిచేస్తే సగమే ఫలితం వస్తుంది: పట్టీలో 25 మారిస్తే హౌసింగ్ దగ్గర సుమారు 12. కట్టలో ఆకు (ఒక ఉక్కు పట్టీ) తీసేసి దించిన కారైతే ఆకు తిరిగి వేయించడమే మందు. ఆకులు తగ్గిన కట్ట బ్రేకు వేసినప్పుడు మెలి తిరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం దెబ్బతింటుంది.

ఆయిల్ చాంబర్ గీసుకోవడం ఒక్కటే సమస్యా? సస్పెన్షన్ ముట్టకుండా టైరు మార్చి చూడండి. 185/60 ఆర్14 బదులు 185/65 ఆర్14 వేస్తే కారు 9 మి.మీ. లేస్తుంది. స్పీడోమీటర్ 3 శాతం తక్కువ చూపిస్తుంది, మడ్‌గార్డ్ సందు కూడా 9 తగ్గుతుంది, అది చాలునో లేదో ముందే చూసుకోవాలి.

ఎత్తు కుదిరాక

ముందుగా టో, అంటే ముందు చక్రాలు రెండూ పైనుంచి చూస్తే ముందువైపు ఎంత దగ్గరకో దూరంగానో తిరిగి ఉన్నాయన్నది. ఎత్తు 10 మి.మీ. మారినా టో మారుతుంది, టైరును తినేది క్యాంబర్ (చక్రం నిలువుకు వాలిన కోణం) కంటే ఇదే. టైరు ముందు అంచున ఇరుసు ఎత్తులో రెండు వైపులా సుద్ద గుర్తు పెట్టి మధ్య దూరం కొలవండి. ఆ గుర్తులు వెనక్కి అదే ఎత్తుకు వచ్చేదాకా కారును ముందుకు దొర్లించి మళ్లీ కొలవండి. అవే గుర్తులు వాడటం వల్ల రిమ్ వంకర లెక్కలోకి రాదు. రెండు కొలతల తేడాను మీ కారు మాన్యువల్ అంకెకు తేండి, టై రాడ్లు (స్టీరింగు నుంచి చక్రాలకు వెళ్లే కడ్డీలు) రెండూ సమానంగా తిప్పుతూ.

మెక్‌ఫెర్సన్ కారులో కింది ఆర్మ్ బయటి కొస లోపలి కొస కంటే పైకి ఉంటే ఎత్తు ఇంకా చాలలేదని అర్థం. మలుపులో ఒరుగుతుంది, గతుకు మీద స్టీరింగు దానంతటదే లాగుతుంది. స్టీరింగ్ ఆర్మ్ స్ట్రట్ అడుగుకు బోల్టులతో బిగించి ఉండే పాత రకంలో ఆ రెంటి మధ్య 20 నుంచి 30 మి.మీ. దిమ్మ వేస్తే ఆర్మ్, టై రాడ్ రెండూ తిరిగి సరైన వంపుకు వస్తాయి, కారు ఎత్తు మారదు. బోల్టులు ఆ మేరకు పొడవైనవి, 10.9 గ్రేడ్‌వి కావాలి. రిమ్‌కు తగలకుండా చూడండి.

వెనుక బ్రేకు పీడనాన్ని సర్దే వాల్వు ఇరుసుకు లింకుతో కలిపి ఉందేమో కింద పడుకుని చూడండి. కారు దిగితే అది బరువు ఎక్కిందనుకుని వెనక్కి ఎక్కువ పీడనం పంపుతుంది, తడి రోడ్డు మీద వెనుక చక్రాలు ముందే లాక్ అవుతాయి. కారును తిరిగి లేపితే ఉల్టా, వెనుక బ్రేకు పని తగ్గుతుంది. లింకు పొడవును కొత్త ఎత్తుకు సర్దాలి. ఎంతో జాగ్రత్తగా ఎత్తు సరిచేసినవాళ్లు కూడా మరిచిపోయేది ఇదే.

వెనుక పాన్‌హార్డ్ రాడ్ (హౌసింగును పక్కకు కదలకుండా బాడీకి కట్టే అడ్డ కడ్డీ) ఉంటే ఎత్తు మారినప్పుడు హౌసింగ్ పక్కకు జరుగుతుంది. రెండు వైపులా టైరుకూ మడ్‌గార్డ్‌కూ సందు కొలిచి, తేడా 5 మి.మీ. దాటితే పొడవు మారే రాడ్ వేయించండి. హెడ్‌లైట్ల గురి కూడా గోడ మీద సరిచూడండి.

బుష్ బోల్టులు కారు నేల మీదున్నప్పుడే చివరి బిగింపు. యాంటీ రోల్ బార్ లింకు కూడా అప్పుడే, రెండు వైపులా బలవంతం లేకుండా రంధ్రాలు కలిసినప్పుడు కలపాలి. 100 కి.మీ. నడిచాక యూ బోల్టులు, స్ట్రట్ నట్లు, స్లీవు లాక్ రింగులు టార్క్ పానాతో మళ్లీ చూడండి. కొత్త ప్యాడ్లు, స్ప్రింగులు కొంత అణుగుతాయి కాబట్టి 300 కి.మీ. తర్వాత నాలుగు మూలలూ కొలిచి, టో అప్పుడు మరోసారి సరిచేయండి.